హింబా వాళ్ళ దొడ్డి వైపు నుంచి చూస్తే

ఆఫ్రికాలో, నమీబియా దేశంలో మందలు కాసుకుని బతికే జనం హింబాలు. వాళ్ళ ఇళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ముందు చూసుకోవాల్సింది పశువుల దొడ్డి వాకిలి ఎటుంది, పెద్దింటి వాకిలి ఎటుంది అన్నది. ఆ రెండింటి నడుమ నేలమీద చిన్న నిప్పు ఉంటుంది. ఒక్కోసారి నిప్పు కూడా కనబడదు. కొన్ని రాళ్ళు, సగం కాలిన మొద్దు, కాస్త బూడిద, అంతే. ఎవరో చలి కాచుకుని వదిలేసిన చోటనుకుని కొత్తవాళ్ళు దాన్ని దాటేస్తారు. ఆ ఊళ్ళో చేయగలిగిన తప్పుల్లో పెద్దది అదే. పెద్దింటి వాకిలి, నిప్పు, దొడ్డి వాకిలి ఈ మూడూ ఒక గీతలో ఉంటాయి. ఆ గీతను బయటివాళ్ళు తొక్కకూడదు. ఇంటి వెనక నుంచో, దొడ్డి వెనక నుంచో చుట్టు తిరిగి రావాలి.

ఆ నిప్పు పేరు ఒకురువో. చనిపోయిన పెద్దలతో మాట్లాడే చోటు అది. హింబాలకు ముకురు అనే దేవుడున్నాడు కానీ ఆయన దూరం. దగ్గరుండి మంచీచెడూ చూసేది ఇంటి పూర్వీకులే. నిప్పును కాచే పెద్దమనిషి దాని దగ్గర కూర్చుని వాళ్ళతో మాట్లాడతాడు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టినా, పెళ్ళయినా, జబ్బు చేసినా, ఎవరైనా దూరప్రయాణం పోతున్నా ఆ మాట ఇక్కడ చెప్పాల్సిందే. మందలో కొన్ని ఆవులు పూర్వీకులవి. వాటి పాలు పిండగానే ఎవరూ తాగకూడదు. ముందు ఇంటి పెద్ద నిప్పు దగ్గర రుచి చూడాలి, ఆ తర్వాతే అవి మిగిలినవాళ్ళ పాలవుతాయి. కనుమ నాడు ఉప్పుచెక్క తినిపించి, కాటమరాజుకు పొంగలి పెట్టి, చిట్లాకుప్ప అంటించి మందను దాని పక్కగా తోలే చిత్తూరు జిల్లావాళ్ళకు నిప్పుకూ పశువుకూ ఉన్న సంబంధం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనకది ఏడాదికి ఒక సాయంత్రం. వాళ్ళకు ప్రతిరోజూ.

హింబాలు ఉండేది నమీబియా దేశంలో వాయవ్య మూలన, కునేనే ప్రాంతంలో. కునేనే నది దాటితే అంగోలా, అటువైపూ వాళ్ళే. అందరూ కలిపి సుమారు 50 వేల మంది అని అంచనా. మాట్లాడేది ఒచిహెరెరో భాషలో ఒక యాస. దక్షిణాన ఉన్న హెరెరోలు, వీళ్ళు ఒకప్పుడు ఒకే జనం. హెరెరోలు జర్మన్ పాలనలో 1904 నుంచి 1908 దాకా జరిగిన ఊచకోతలో మనుషుల్నీ మందల్నీ పోగొట్టుకున్నారు. మిషనరీల కాలం నాటి పొడుగాటి గౌన్లే ఇప్పుడు హెరెరో ఆడవాళ్ళ సంప్రదాయ దుస్తులు. ఉత్తరాన కొండల్లో మిగిలినవాళ్ళు, అంటే హింబాలు, తోలు బట్టనూ ఒంటికి పూసుకునే వెన్న, ఎర్రరాయినీ వదల్లేదు. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు రెండు దారుల్లో పోయినట్టు, ఒపువో పట్నంలో సూపర్ మార్కెట్ వరసలో ఈ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటారు.

తెలుగులో వీళ్ళ గురించి వచ్చే వీడియోల్లో చాలావాటికి ఒకటే శీర్షిక: జన్మలో స్నానం చేయని ఆడవాళ్ళు. ఈ మాట బాధపెడుతుంది. ఎందుకంటే వాళ్ళు ఒంటి శుభ్రం కోసం పెట్టే సమయం మనలో చాలామంది పెట్టరు. అక్కడ చాలాచోట్ల ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. వాన పడేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, మిగతా కాలమంతా ఏర్లు ఇసుకే. ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీళ్ళను సొరబుర్రతో ముంచి తెచ్చుకుంటారు. స్వర్ణముఖి ఎండాకాలంలో ఎలా ఉంటుందో తెలిసిన తిరుపతి, శ్రీకాళహస్తి వాళ్ళు ఈ బొమ్మను సులువుగానే ఊహించుకోగలరు. అలా చెలమలో ఊరిన నీళ్ళు ముందు మనుషుల గొంతుకు, తర్వాత దూడలకు, మేకలకు. ఒంటికి పోసుకునే వంతు రాదు.

అందుకే ఆడవాళ్ళు పొగ పోసుకుంటారు. చిన్న పాత్రలో నిప్పుకణికలు వేసి, వాటిమీద ఒక చెట్టు ఆకులూ పుల్లలూ వేస్తారు. పొగ లేచాక దానిమీదికి వంగి, పైన దుప్పటి కప్పుకుంటారు. కాసేపటికి ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమటే నీళ్ళ పని చేస్తుంది, పొగే వాసన. చంకలకు, తొడలకు, కప్పుకునే తోళ్ళకు కూడా పొగ పట్టిస్తారు. ఆ చెట్టు కొమ్మిఫోరా జాతిది. మన వైద్యంలోని గుగ్గులు, బాలింతకు పెట్టే బోళం ఇచ్చే చెట్లూ అదే జాతి. తలంటి పోసిన పసిబిడ్డను సాంబ్రాణి పొగమీద పట్టే మనకు ఇది వింతగా తోచడమే వింత.

పొగ తర్వాత ఒంటికి పూసేది ఒచిజే. దీనికి రెండే సరుకులు: ఎర్రరాయి, వెన్న. ఎర్రరాయి ఇనుప ధాతువున్న మెత్తని రాయి. దొరికే చోట్లు కొన్నే, అక్కడి నుంచి చేతులు మారుతూ వస్తుంది. పలకరాయి మీద ఇంకో రాయితో నూరి పొడి చేస్తారు. ఇక్కడ ఓపిక కావాలి. పొడిలో పలుకు మిగిలితే ఒళ్ళు గీసుకుపోతుంది. వెన్నను కణికల మీద కరిగించి, పొడిని అందులో కలిపి రెండు అరచేతులతో రుద్దుతారు. సువాసనకు అదే కొమ్మిఫోరా బంక కలుపుతారు. కొలత కంటితోనే. ఒంటికైతే పలచగా, జుట్టుకైతే ముద్దగా. వెన్న ఎక్కువైతే ఎండకు కారిపోతుంది, పొడి ఎక్కువైతే ఎండి పెచ్చులూడుతుంది. ఎందుకు పూసుకుంటారు అంటే ఎండకనీ, పురుగు కుట్టకుండా అనీ బయటివాళ్ళు చెబుతారు. ఇనుప రాయికి ఎండను ఆపే గుణం ఉన్నమాట నిజమే. కానీ ఎండ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే కదా, పూసుకునేది మాత్రం ఆడవాళ్ళే. వాళ్ళను అడిగితే చెప్పే జవాబు అందం అని. మన పసుపు కూడా అంతే. క్రిములు చంపుతుందని మనం పాదాలకు పసుపు రాసుకోవడం లేదు.

ఇప్పుడు ఆ వెన్న ఎక్కడిది అన్న ప్రశ్న దగ్గర ఆగాలి. వీడియోల్లో ఎవరూ ఆగరు.

అక్కడి ఆవులు సాంగా జాతివి. పొడుగు కొమ్ములు, గట్టి గిట్టలు, ఎండుగడ్డి తిని మైళ్ళు నడిచే ఒళ్ళు. దూడకు వదిలాక ఒకటి రెండు లీటర్లు మిగిలితే అది మంచి ఆవు కిందే లెక్క. చిత్తూరు పాలకేంద్రాల్లో క్యాన్లు నింపే హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సీమ ఆవు పక్కన పెడితే ఇది ఆవే కాదంటారు. కానీ కరువులో ఏది నిలబడుతుందో చూస్తే లెక్క తిరగబడుతుంది. పుంగనూరు పొట్టి ఆవును ఎందుకు పోగొట్టుకోకూడదో తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. దూడల్ని దొడ్డిలో వేరే కట్టుబడిలో ఉంచుతారు. దూడను వదిలి కుడిపిస్తేనే ఆవు చేపుతుంది. చేపు రాగానే దూడను పక్కకు లాగి పాలు పిండాలి, ఆఖరున మళ్ళీ దూడకు వదలాలి. పిండేది ఎక్కువగా ఆడవాళ్ళే. తొందరపడి ఎక్కువ పిండుకుంటే దూడ చిక్కిపోతుంది. దూడ చచ్చిపోతే ఈ జాతి ఆవు పాలు ఎగేస్తుంది. అంటే దూడ కడుపు కొట్టడమంటే ఇంటి పాలబుర్ర ఖాళీ చేసుకోవడమే.

పాలు పోసేది ఒంజుపా అనే సొరబుర్రలో. అందులో ముందునాటి పులుపు కాస్త మిగిల్చి ఉంచుతారు, అదే తోడు. పులిసిన పాలను ఓమాయెరే అంటారు. బుర్రను తాడుతో వేలాడదీసి ముందుకీ వెనక్కీ ఊపుతారు. కవ్వం లేదు, బుర్రే కవ్వం. చిలికే చేతికి ఎక్కడైనా తెలిసిన సంగతే ఇక్కడా: పాలు మరీ వెచ్చగా ఉంటే వెన్న కరిగి మజ్జిగలోనే ఉండిపోతుంది, మరీ చల్లగా ఉంటే గడ్డ కట్టదు. లోపల గడ్డ తగులుతున్న చప్పుడు మారాక ఆపి వెన్న తీస్తారు. మిగిలిన పుల్లపాలు తిండి. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన సంకటిలోకి అదే కలుపుకుంటారు. రాగిసంకటి, మజ్జిగ తిన్న నోటికి ఆ కంచం పరాయిదేమీ కాదు. మాంసానికి మేకో గొర్రో. ఆవును ఊరికే కోయరు. పెళ్ళికో, చావుకో, పెద్దల కార్యానికో. ధనవంతుడు పోతే మందలో చాలా పశువులు పోతాయి, వాటి కొమ్ములు, పుర్రెలు సమాధి దగ్గర పేర్చుతారు.

జుట్టు చూస్తే మనిషి వయసు, పెళ్ళి తెలిసిపోతాయి. మగపిల్లవాడికి వెనక్కి వేలాడే ఒక జడ. ఆడపిల్లకు ముఖం మీదికి వచ్చే రెండు జడలు. ఈడేరాక ఆ జడలు విడిపోయి ఒచిజే పూసిన సన్నని పాయలవుతాయి, చివర్లకు మేక వెంట్రుకలో, ఇప్పుడైతే పట్నంలో కొన్న సవరమో కలుపుతారు. పెళ్ళయినామె తలమీద తోలుతో చేసిన ఎరెంబే అనే చిన్న కిరీటం ఉంటుంది. పెళ్ళయిన మగవాడు తల కప్పుకుంటాడు, నలుగురిలో విప్పడు, భార్య పోతే విప్పుతాడు. ఆడవాళ్ళ మెడలో వేలాడే పెద్ద తెల్ల శంఖం ఒహుంబా. సముద్రం నుంచి వ్యాపారం మీద కొండలకు చేరిన వస్తువు అది, తల్లి నుంచి కూతురికి వస్తుంది. పిల్లలకు కింది ముందు పళ్ళు నాలుగు తీసేసే ఆచారం కూడా ఉంది. ఇప్పుడు తగ్గుతోంది.

హింబాలకు నీలం రంగు కనబడదని ఒక మాట ఫేస్‌బుక్‌లో తిరుగుతూ ఉంటుంది. 2011లో ఒక టీవీ కార్యక్రమంలో చూపించిన పరీక్ష వల్ల పుట్టిన మాట. పరిశోధకులు అచ్చువేసిన పనిలో ఆ పరీక్ష అలా లేదు. నిజమేమిటంటే వాళ్ళ భాషలో రంగులకు మూలపదాలు ఐదే, ఆకుపచ్చకూ నీలానికీ కలిపి ఒకే పదం. మనం ఆకునూ పసుపునూ రెండింటినీ పచ్చ అనడం లేదా? అంతమాత్రాన మామిడికాయకూ మామిడిపండుకూ తేడా తెలియనివాళ్ళమైపోతామా? పశువు ఒంటి రంగులు, మచ్చల దగ్గరికి వస్తే వాళ్ళ భాషకు ఎదురులేదు. కర్రి, పుల్ల, మైల, బొల్లి అని మందను పేరుపేరునా పిలిచిన మన పాత కాపులు వాళ్ళతో కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది.

ఇక అన్నిటికంటే లోతైన సంగతి వంశం. ప్రతి హింబా మనిషికీ రెండు వంశాలుంటాయి. తండ్రి వైపుది ఒరుజో, తల్లి వైపుది ఎయాండా. ఒరుజోను మన గోత్రంలా అనుకోవచ్చు. ఆడపిల్ల పెళ్ళయ్యాక భర్త ఒరుజోలోకి పోతుంది, అదీ మన పద్ధతే. ఎవరి దగ్గర ఉండాలి, ఏ నిప్పుకు మొక్కాలి, ఏ రంగు పశువు మాంసం తినకూడదు, ఏ పశువు మందలో ఉండకూడదు ఇవన్నీ ఒరుజో చెబుతుంది. కొందరికి కొమ్ముల్లేని పశువు పనికిరాదు, కొందరికి ఫలానా మచ్చ పనికిరాదు. అలాంటి దూడ పుడితే దాన్ని వేరే ఒరుజో వాళ్ళకు ఇచ్చి మార్చుకుంటారు. ఎయాండా మాత్రం పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారదు.

ఆస్తి ఎలా పోతుందో చూడండి. ఒక పెద్దమనిషికి 100 పశువులున్నాయి అనుకుందాం. ఆయన పోయాక నిప్పు, దానితోపాటు పూర్వీకుల పశువులు ఒరుజో దారిన పోతాయి, అంటే తమ్ముడికో కొడుక్కో. అవి కొన్నే. మిగిలిన పెద్ద మంద ఎయాండా దారిన పోతుంది: ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముడికి, లేదా అక్కచెల్లెళ్ళ కొడుక్కి. కన్నకొడుక్కి రాదు. ఎందుకంటే కొడుకుది తల్లి ఎయాండా, తండ్రిది కాదు. కొడుక్కి మంద రావాల్సింది వాడి మేనమామ దగ్గర నుంచి.

బయటి దేశాలవాళ్ళకు ఇది తల తిరిగే లెక్క. మేనమామ విలువ తెలిసిన మనకు తిరగదు. పైగా అక్కడ పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళలో మేనరికాలు ఎక్కువ. మేనల్లుడికి కూతుర్నిస్తే తన మంద ఎవరి చేతికి పోతుందో ఆ ఇంట్లోనే తన కూతురూ ఉంటుంది, మనవలు ఆ పాలే తాగుతారు. రాయలసీమలో మేనరికానికి చెప్పే కారణాల్లో పొలం చీలిపోకూడదన్నది ఒకటి కదా, అక్కడ మంద.

తగువులు లేవని కాదు. తండ్రి పశువుల్ని ఏళ్ళ తరబడి కాసిన కొడుకు చూస్తుండగా మేనల్లుడు వచ్చి తోలుకుపోవడం తేలిక విషయం కాదు. అందుకని తెలివైన తండ్రి బతికుండగానే కొడుకులకు పెయ్యల్ని పేరు చెప్పి ఇచ్చి, వాటి సంతానం వాళ్ళదేనని నలుగురి ముందు అంటాడు. నలుగురి ముందు అనకపోతే చనిపోయాక ఆ మాట నిలవదు.

ఒకే మంద ఒకేచోట ఉంచరు. కొన్ని పశువుల్ని వేరే ఊళ్ళో చుట్టానికో, మంద లేని పేదవాడికో కాపుకు ఇస్తారు. మన దగ్గర పశువును పాలికి, అంటే వాటాకు ఇవ్వడం లాంటిదే, తేడా ఒకటి: మన దగ్గర పుట్టిన దూడల్లో వాటా, అక్కడ కాసేవాడికి పాలు, దూడలు సొంతదారువే. పేదవాడి పిల్లలకు పాలు దొరుకుతాయి, ఉన్నవాడికి ఒకచోట రోగం వచ్చినా ఇంకోచోట మంద మిగులుతుంది. ఎండాకాలం రాగానే కుర్రవాళ్ళు పెద్ద మందను దూరపు మేతకు తోలుకుపోయి అక్కడే మకాం వేస్తారు. పాలిచ్చే ఆవులు కొన్ని, ముసలివాళ్ళు, పిల్లలు ఊళ్ళో. ఎండాకాలం మేతను వానాకాలంలో ముట్టుకోకూడదన్నది గట్టి నియమం. నీళ్ళు లేనందువల్లే ఆ నియమం తనంతట తాను నిలబడింది కూడా.

అక్కడే బోర్లు వచ్చి దెబ్బ కొట్టాయి. దక్షిణాఫ్రికా పాలన కాలంలో కునేనే కొండల్లో వందల బోర్లు వేశారు. ఎటు చూసినా నీళ్ళు, మందలు పెరిగాయి. ఎండాకాలానికని దాచిన గడ్డి కూడా ఏడాది పొడవునా మేసేశారు. వేళ్ళతో నిలిచే గడ్డి పోయి, వానకు మొలిచి ఎండకు పోయే గడ్డి మిగిలింది. 1980ల మొదట్లో వానలు ఎగ్గొట్టాయి. పశువుల్లో సుమారు 90 శాతం చచ్చిపోయాయి. దాహంతో కాదు, నీళ్ళుండీ మేత లేక. మంద పోయినవాళ్ళు ఒపువో చుట్టూ గుడిసెలు వేసుకుని సాయం పిండి కోసం వరసల్లో నిలబడ్డారు. వెయ్యి అడుగుల బోర్లు చూసిన మదనపల్లె, పీలేరు రైతులు ఈ కథలో ఒక భాగం తమదేనని గుర్తుపడతారు. మన దగ్గర నీళ్ళే అడుగంటాయి, అక్కడ గడ్డి.

మందలు మళ్ళీ పెరగడానికి సాయపడింది ఆ పాలికి ఇచ్చే పద్ధతే. పశువులు మిగిలినవాడు మిగలనివాడికి ఆవునిచ్చాడు. బుర్రలో పాలు పడ్డాక వెన్న వచ్చింది, వెన్న వచ్చాక ఒంటికి ఎరుపు వచ్చింది. పట్నం చేరి మంద లేకుండా ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎర్రపొడిని వ్యాసిలిన్‌లో కలుపుకుంటారు. రంగు అదే.

నమీబియాకు 1990లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ తర్వాత ఎపుపా జలపాతం దగ్గర ఆనకట్ట కడతామన్నప్పుడు హింబా పెద్దలు అడ్డం తిరిగారు. నీటిలో మునిగేవాటిలో ఏటి ఒడ్డు సమాధులున్నాయి. ఆ సమాధి ఎవరి పూర్వీకుడిదో చెప్పగలిగినవాడికే ఆ మేత మీద మాట చెల్లుతుంది. సమాధి అంటే వాళ్ళకు పట్టాదారు పాసుపుస్తకం కూడా. అక్కడ ఆ ఆనకట్ట కట్టలేదు. అందుకే వీళ్ళను లోకం తెలియని జనం అనడం తప్పు. ఓటు వేస్తారు, సెల్‌ఫోన్ వాడతారు, కోర్టు మాట తెలుసు. మందతో తిరిగే పిల్లల కోసం గుడారాల్లో బడులు కూడా నడిచాయి. ఊళ్ళో స్థిరంగా ఉండే బడికి పంపితే మాత్రం జడలు, ఒచిజే తీసేసి యూనిఫాం వేయాలనే పట్టు చాలాచోట్ల ఉంది. పిల్లను బడికి పంపాలా, పిల్ల జుట్టు పిల్లకుంచాలా అని తల్లి ఎంచుకోవాల్సి రావడం అన్యాయం.

ఇక్కడి నుంచి ఎవరైనా వెళ్ళేట్టయితే ఒచిహెరెరో వచ్చిన మనిషిని తోడు తీసుకోండి. ఊరి బయటే ఆగి, పెద్దమనిషికి కబురు పంపి, రమ్మన్నాకే లోపలికి పోండి. మొక్కజొన్న పిండి, చక్కెర, నూనె తీసుకుపోవచ్చు, సారా తీసుకుపోకూడదు. అడగకుండా ఫోటో తీయకండి. పలకరింపుకు మోరో అంటారు. పెరివీ అంటే ఎలా ఉన్నారు అని, నావా అంటే బాగున్నాం అని. ఆ తర్వాత మాట సాగాలంటే ఒంటి రంగు గురించి కాదు, వాన పడిందా, మేత ఎక్కడుంది, ఆవులు ఈనాయా అని అడగండి.